మారప్ప తోటలో ఏడో నంబరు కొక్కెం

కర్ణాటక సరిహద్దులోని నంగలికి రెండు మైళ్ళు ఇవతల, రోడ్డు పక్కనే మారప్ప ద్రాక్షతోట. ఆ తోటలోకి దేవుడు దిగి వచ్చినా టోకెన్ తీసుకునే రావాలి. గేటు పక్కన ఒక చెక్కపలక, దానికి పన్నెండు కొక్కేలు, ప్రతి కొక్కేనికీ ఒక రేకు బిళ్ళ, బిళ్ళ మీద మేకుతో చెక్కిన నంబరు. లోపలికి వెళ్ళే మనిషి ఒక బిళ్ళ తీసుకోవాలి. బయటికి వచ్చేటప్పుడు దాన్ని మళ్ళీ అదే కొక్కేనికి తగిలించాలి. సాయంత్రం పన్నెండూ పలక మీద కనిపిస్తేనే మారప్ప గేటుకు తాళం వేస్తాడు. ఒకసారి ఒక బిళ్ళ తగ్గిందని, ఎరువు తోలడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరును మూడు గంటలు గేటు దగ్గరే నిలబెట్టాడు. ఆ బిళ్ళ మేక పొట్టలో ఉందని మర్నాడు తేలింది. ఎలా తేలిందో అడగకూడదు. మారప్ప మాత్రం దాన్ని శుభ్రంగా కడిగి తన కొక్కేనికి తగిలించాడు.

ఇది ఆయన గనిలో నేర్చుకున్న విద్య. కోలారు బంగారు గనులు మూతపడేదాకా పదహారేళ్ళు ఆయన అక్కడ వాచ్ అండ్ వార్డ్‌లో పనిచేశాడు. షిఫ్టు ముగిసి షాఫ్టులోంచి పైకి వచ్చిన ప్రతి మనిషినీ తడిమి చూడటం ఆయన ఉద్యోగం. టోపీ లోపల, చెవి వెనక, నాలుక కింద, టిఫిన్ డబ్బా అడుగున, ఆయన చెయ్యి వెళ్ళని చోటు లేదు. దగ్గు వచ్చిన ఒక కూలీని ‘ఏం మింగినావురా’ అని పట్టుకుని, డజను అరటిపండ్లు తినిపించి మర్నాటిదాకా కూర్చోబెట్టాడని గని పక్కనుండే మారికుప్పంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. డజను కాదు, అర డజనేనని మారప్ప అంటాడు.

ఆ గనిలో టోకెన్ అంటే ప్రాణం. కిందికి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగుతాడు. షిఫ్టు అయిపోయాక పలక మీద ఒక్క కొక్కెం ఖాళీగా మిగిలినా సైరన్ మోగేది. లైన్లలోని, అంటే కూలీల వరస ఇళ్ళలోని ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. అట్లాంటి పరుగులు మారప్ప రెండు చూశాడు. ఖాళీ కొక్కెం చూస్తే ఈనాటికీ ఆయన ముందు చుట్టూ ఉన్న మనుషుల్ని లెక్కబెడతాడు.

గని మూతపడ్డాక భార్య అక్కయమ్మ పుట్టిన ఊరికి వచ్చాడు. ఆమె వంతుకు వచ్చిన ఎకరంలో, ఆమె అన్న తోటనుంచి తెచ్చిన బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష కొమ్మలు పన్నెండు వరసలు నాటారు. పందిరి రాళ్ళు ఆయనే పాతాడు, తీగలు ఆయనే కట్టాడు. అంతవరకూ ఇతరుల జేబులు తడమడం తప్ప ఇంకేమీ చేతకాని చేతులవి. ఆ చేతులతో ఆయన పెంచిన మొదటి వస్తువు ఆ తోట. మొదటి కాపు వచ్చినప్పుడు ఒక గుత్తి తెంపి, అటు తిప్పి ఇటు తిప్పి, ‘ఇది నిజంగా మనదేనా?’ అని అడిగాడు. అక్కయమ్మ దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వనూ లేదు.

ఇరవై ఏళ్ళు బాగానే గడిచాయి. పోయినేడు ఆకులు పసుపు తిరిగాయి. చిగురు వేసిన తీగ వారంలో వాడిపోతోంది. తవ్వి చూస్తే వేర్లు నల్లగా, తడిసిన బీడీల్లా ఉన్నాయి. అదే సమయంలో ఒకడు బైకు మీద వచ్చి, నీలం సీసాలో అమృతం తెచ్చానని చెప్పి పోయించి వెళ్ళాడు. పోతూ పోతూ బిళ్ళ తిరిగిచ్చాడు. పదహారు తీగలు మాత్రం తిరిగి రాలేదు.

పక్క చేలో టమేటా పెట్టే కొడుకు గిరీశ్ ఆషాఢంలో ఒకరోజు గేటు దగ్గరికి వచ్చి, బిళ్ళ తీసుకోకుండా బయటే నిలబడి మాట్లాడాడు.

“అప్పా, ఆయుధపూజ దాకా చూస్తా. కొత్త వేరు వచ్చిందా, సరే. రాలేదా, పండగ మర్నాడే జేసీబీ పిలిచి పీకించి టమేటా పెడతా.”

“టమేటా మీద నాకు నమ్మకం లేదురా.”

“నీకు దేని మీద ఉండాది నమ్మకం, అది చెప్పు ముందు!”

మారప్ప ఆలోచించాడు. ఆలోచిస్తూనే పలక మీది బిళ్ళలు ఒకసారి లెక్కబెట్టాడు.

ఆ వారమే అక్కయమ్మ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు చంద్రిక. ముప్పై ఏళ్ళుంటాయి. బెంగళూరులో ఏదో ల్యాబులో ఆరేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక పక్క ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకుని పంటలకు మేలుచేసే బ్యాక్టీరియాను పెంచి రైతులకు ఇస్తోంది. చేతిలో అయిదు లీటర్ల క్యాను.

మారప్ప బిళ్ళ ఇవ్వకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. “క్యానులో ఏముండాది?”

“జీవులుండాయప్పా. బ్యాసిల్లస్ అని ఒక రకం, సూడోమోనాస్ అని ఇంగొక రకం. మట్టిలో ఉండేవే.”

ఆయన మూత తీసి వాసన చూశాడు. పుల్లటి మజ్జిగలా ఉంది. ఎండకు ఎత్తి పట్టి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు. మబ్బు పట్టిన నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు.

“ఎంతమంది ఉండారు దీంట్లో?”

“ఒక చెంచాకు కోట్లమంది.”

“లెక్కబెట్టింది ఎవురు?”

అక్కయమ్మ నుదురు కొట్టుకుంది. “అందరికీ బిళ్ళలు ఇయ్యాలంటే ఈ జిల్లాలో రేకు చాలదులే, పక్కకు జరుగు!”

చంద్రిక నవ్వు ఆపుకుని చెప్పింది. ఇవి వేరు చుట్టూ కాపురం పెడతాయి. వేరును కుళ్ళబెట్టే బూజుకు చోటు లేకుండా చేస్తాయి. మట్టిలో గట్టిపడి చిక్కుకుపోయిన భాస్వరాన్ని కరిగించి వేరుకు అందిస్తాయి.

“ఆగు ఆగు,” అన్నాడు మారప్ప. “రాయిలో ఉండేదాన్ని బయటికి తీసి, తమ దగ్గర ఏమీ దాచుకోకుండా పక్కవానికి ఇచ్చేస్తారా? పదహారేండ్లు గనిలో చూసినానమ్మా. అట్లాంటోడు ఒక్కడూ పుట్టలేదు.”

“సుమ్నే, ఊరికే ఇవ్వవప్పా. వేరు వాటికి చక్కెర ఇస్తాది.”

మారప్ప ముఖం మొదటిసారి కొంచెం సడలింది. “అట్ల చెప్పు. కూలి ఉండాది!”

కూలి ఉందన్నాక బేరం ఉన్నట్టే, బేరం ఉన్నచోట మోసమూ ఉండవచ్చు. అది ఆయనకు తెలిసిన లోకం. బిళ్ళ ఇవ్వడానికి చెయ్యి చాపాడు కూడా. అంతలో ఆనవాయితీగా అడిగే ప్రశ్న అడిగాడు.

“మీది యాడమ్మా?”

“మారికుప్పం లైన్లప్పా. చెన్నరాయప్ప కూతుర్ని.”

మారప్ప చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చెన్నరాయప్ప అంటే, మారప్ప పదహారేళ్ళు రోజూ తడిమి, ఒక్కసారి కూడా ఏమీ పట్టుకోలేని మనిషి. మిగతావాళ్ళ దగ్గర ఏడాదికి ఒకసారైనా ఏదో దొరికేది. ఒకడి దగ్గర మేకులు, ఒకడి దగ్గర కొవ్వొత్తి ముక్క, ఒకడి దగ్గర మెరిసే రాయి. చెన్నరాయప్ప దగ్గర చెమట తప్ప ఏమీ ఉండేది కాదు. ఏమీ దొరకలేదంటే నిజాయితీపరుడని లోకం అనుకుంటుంది. మారప్ప మాత్రం, వీడు అందరికంటే బాగా దాచుతున్నాడని అనుకున్నాడు. అందుకే అతన్ని రెండుసార్లు తడిమేవాడు. గని మూతపడి ఇన్నేళ్ళయినా, ములబాగిలు సంతలో మారప్ప ఎదురుపడితే చెన్నరాయప్ప నలుగురిలో రెండు చేతులూ పైకెత్తి, కాళ్ళు ఎడం చేసి నిలబడతాడు. కూరగాయల వాళ్ళంతా నవ్వుతారు.

అట్లాంటివాడి కూతురు ఒక క్యాను తెచ్చి, వేర్ల దగ్గర పోస్తానంటోంది!

అయినా ఆయుధపూజకు మూడు నెలలు కూడా లేదు. వేరే దారీ లేదు. చంద్రికకు ఆరో నంబరు బిళ్ళ ఇచ్చాడు.

పందిరి నీడలో రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టించింది చంద్రిక. నీళ్ళలో బెల్లం కరిగించి, క్యానులోది పోసి, పైన పలుచటి గుడ్డ కట్టింది. అయిదు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో బాగా తిప్పాలని, గుడ్డ తప్ప మూత వేయకూడదని, ఈ జీవుల్ని చంపే మైలుతుత్తం మందు కొన్నాళ్ళు ఆ చుట్టుపక్కలకే రానివ్వకూడదని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక మారప్ప ఆ గుడ్డవైపే చూస్తూ కూర్చున్నాడు. మూత వద్దంట! అయిదు రోజులు నోరు తెరుచుకుని ఉండే డ్రమ్ములో ఎవడైనా ఏమైనా కలిపి పోవచ్చు కదా? పైగా రోజుకు రెండుసార్లు తెరవాలంట. గనిలో విలువైన సరుకును ఎట్లా ఉంచేవాళ్ళు? కడ్డీల పెట్టెకు మూత బిగించి, లక్క కరిగించి ముద్ర వేసేవాళ్ళు. ముద్ర చెదరకుండా ఉంటే సరుకు చెదరనట్టే. గుడ్డ కట్టమనే మనిషికి ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది.

ఆ సాయంత్రమే డ్రమ్ముకు ఇనుప మూత పెట్టి, రింగు బిగించి, చుట్టూ సైకిలు ట్యూబు చుట్టి, నాలుగు చోట్ల లక్క పోశాడు. అయిదు రోజులు రోజుకు ఆరుసార్లు వచ్చి ముద్రలు చూసుకున్నాడు. ఒక్కటీ చెదరలేదు. అక్కయమ్మ ‘తిప్పినావా?’ అని అడిగితే ‘అంతా భద్రంగా ఉండాది’ అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆరో రోజు పొద్దున, చంద్రిక వచ్చేలోపే రింగు వదులు చేశాడు. మూత దానంతట అదే ఎగిరి పందిరికి తగిలింది. ఆ తర్వాత వచ్చిన వాసనను వర్ణించడం కష్టం. నంగలి కాకులన్నీ ఒక్కసారిగా లేచి సరిహద్దు దాటి ఆంధ్రాలోకి పోయాయని, మూడు రోజులదాకా తిరిగి రాలేదని ఊళ్ళో అంటారు. రోడ్డు మీద పోయే బస్సులో కిటికీలన్నీ మూసుకున్నాయన్నది మాత్రం అందరూ చూసిందే.

చంద్రిక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“చూసినావా!” అన్నాడు మారప్ప, కళ్ళనీళ్ళు కారుతుంటే విజయగర్వంతో. “కుళ్ళిన సరుకు! మీ నాయిన మీద నేను చూపించిన అనుమానానికి నువ్వు బదులు తీర్చుకుంటా ఉండావు. ఒప్పుకో!”

ఆమె డ్రమ్ము చుట్టూ నడిచి, అంచుకు అంటుకుని ఉన్న ఎర్రటి పెచ్చు ఒకటి గోరుతో ఊడదీసింది. “ఇదేందప్పా?”

అక్కయమ్మ ఆ పెచ్చును అందుకుని వెలుతురులో చూసింది. దాని మీద గుండ్రంగా, నాలుగు చిల్లులతో గుర్తు పడి ఉంది.

“ఇది నీ ఖాకీ కోటు గుండీ కదయ్యా!”

చంద్రిక గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ఇవి గాలి పీల్చే జీవులప్పా. ఊపిరాడక చచ్చిపోయినాయి. ఆ చచ్చినవాటి మీద ఇంగేవేవో పెరిగినాయి. మీరు గనిలో ఉన్నోళ్ళు. గాలి పోయే దోవ మూసేసి కింద మనుషుల్ని పెడతారా యాడన్నా?”

మారప్పకు ఆ డ్రమ్ము వైపు చూడటం కష్టమైంది. కోట్లమంది అని ఆమె అన్నమాట ఇప్పుడు గుర్తుకొచ్చింది. లెక్కబెట్టింది ఎవురు అని తాను అడిగిన మాట కూడా. ఆయన నెమ్మదిగా పలక దగ్గరికి వెళ్ళి, అక్కడున్న బిళ్ళలను ఒకసారి తడిమాడు.

“ఇంగొకసారి ఇస్తా,” అంది చంద్రిక. “అయితే తిప్పేదానికి మా నాయిన వస్తాడు. ఒప్పుకుంటేనే.”

గిరీశ్ చెప్పిన గడువులో ఒక వారం అప్పటికే పోయింది. మారప్ప ఒప్పుకున్నాడు.

మర్నాడు చెన్నరాయప్ప వచ్చాడు. బక్కమనిషి, డెబ్బై దగ్గరలో ఉన్నాడు. గేటు దగ్గర ఆగి, చేతులు రెండూ పైకెత్తి, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు.

“పనికి వచ్చినాను సారూ. చూసుకోండి.”

“పోయేటప్పుడు చూస్తాలే,” అన్నాడు మారప్ప గంభీరంగా, ఏడో నంబరు బిళ్ళ చేతికిస్తూ.

అయిదు రోజులూ అదే తంతు. చెన్నరాయప్ప గుడ్డ తీసి, పొడవాటి కర్రతో డ్రమ్మును అడుగుదాకా తిప్పేవాడు. మారప్ప ఎదురుగా రాయి మీద కూర్చుని, కర్రనే చూసేవాడు. మధ్యాహ్నం చెన్నరాయప్ప ఒక తీగ మొదట్లో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకునేవాడు. సాయంత్రం రెండోసారి తిప్పి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తనిఖీ. రుమాలు, చెప్పులు, టిఫిన్ డబ్బా. ఏమీ లేదు. రెండో రోజూ లేదు, మూడో రోజూ లేదు. పాత మంట మళ్ళీ రాజుకుంది. ఏమీ లేకుండా ఎట్లా ఉంటుంది?

అయిదో రోజు డ్రమ్ములోది చక్కగా పులిసింది, పాడు వాసన లేదు. ఎండ తగ్గాక అక్కయమ్మతో సహా ముగ్గురూ కలిసి, తడిసిన నేలలో, ప్రతి తీగ మొదట్లో పశువుల ఎరువు వేసి చెంబుతో పోశారు. చివరి వరసను మాత్రం తానే చూసుకుంటానని మారప్ప వాళ్ళను ముందుకు పంపేశాడు. గేటు పక్కనుండే పన్నెండో వరస అది. దానికి వట్టి బెల్లం నీళ్ళు పోశాడు. తేడా తెలియాలి కదా! ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పని అయ్యాక చెన్నరాయప్ప గేటు దగ్గర చేతులెత్తాడు. మారప్ప టిఫిన్ డబ్బా అందుకున్నాడు. బరువుగా ఉంది. మూత తీశాడు. పై గిన్నెలో ఏమీ లేదు. కింది గిన్నె నిండా మట్టి. తోటలోని ఎర్రమట్టి!

“దొరికినావు!” అని అరిచాడు. ఆ అరుపుకు పక్క చేలో గిరీశ్ టమేటా బుట్ట కింద పడేశాడు. “అక్కయమ్మా! రాయే! దొరికినాడే! పదహారేండ్లకు దొరికినాడు!”

అరవై దాటిన మనిషి గేటు దగ్గర ఆ గిన్నె పట్టుకుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ నిలబడ్డాడు. చెన్నరాయప్ప ఆయన ముఖాన్ని తృప్తిగా చూశాడు. తర్వాత చేతులు దించాడు.

“మా పాప అడిగింది సారూ, మధ్యాహ్నమే తీసి పెట్టినాను. వేరు దగ్గర మట్టి తెస్తే మైక్రోస్కోపులో చూస్తానంది. మందు పోయకముందు ఇట్లుండాది, పోసినాక ఎట్లయితాది అని.”

“మరి అడిగి తీసుకోవచ్చు కదప్పా?”

“అడిగింటే ఇచ్చేవాళ్ళే. అయితే దొరికిచ్చుకునే సంతోషం ఉంటాదా మీకు? పదహారేండ్లు నన్ను తడిమి తడిమి ముఖం ఎంత చిన్నబుచ్చుకునేవారో నేను చూసినాను కదా. పాపం అనిపించేది. ఒకరోజన్నా ఏదో ఒకటి దాచుకొని రావాలనుకునేవాణ్ణి. అయితే ఉద్యోగం పోతాదని భయం.”

అక్కయమ్మ కొంగు నోట్లో పెట్టుకుని పందిరి రాయికి ఆనుకుంది. మారప్ప మూత పెట్టి డబ్బా తిరిగి ఇచ్చాడు. ఇచ్చేముందు, అలవాటు కొద్దీ, మట్టిలో ఒకసారి వేలు పెట్టి అడుగుదాకా చూసుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలల్లో మరో మూడుసార్లు పోశారు. ప్రతిసారీ మారప్ప పన్నెండో వరసకు బెల్లం నీళ్ళే పోశాడు. ఆకులు ఏమంత మారలేదు. కొన్ని చోట్ల చిగురు వచ్చింది, వచ్చిన చిగురు మీద మారప్పకు నమ్మకం రాలేదు. వాన పడింది కదా, వానకు వచ్చి ఉండొచ్చు. చిన్న పారతో తీగ మొదళ్ళు గీకి చూద్దామని పోతే అక్కయమ్మ దాన్ని దాచేసింది. ‘మళ్ళీ ఊపిరి తీస్తావా?’ అని అడిగింది. ఆ మాటతో ఆయన వెనక్కి వచ్చేశాడు.

ఆయుధపూజ నాడు కత్తెరలకు, పారలకు, చంద్రిక డ్రమ్ముకు కూడా కుంకుమ పెట్టారు. మర్నాడు పొద్దున్నే గిరీశ్ జేసీబీ తెచ్చాడు. డ్రైవరు బిళ్ళ తీసుకోవాలా వద్దా అని గేటు బయటే నిలబడ్డాడు. చంద్రిక, చెన్నరాయప్ప కూడా వచ్చారు.

“తవ్వి చూద్దాం అప్పా,” అన్నాడు గిరీశ్. “మాటంటే మాట.”

నాలుగో వరసలో ఒక తీగ మొదట్లో మారప్పే తవ్వాడు. పార పక్కన పెట్టి, చేతులతో మట్టి తీశాడు. నల్లటి పాత వేరు కనిపించింది. ఇంకొంచెం తీశాడు. ఆ నల్లటి వేరు పక్కనుంచి, సేమ్యా పోగుల్లాగా, తెల్లగా కొత్త వేర్లు. వాటిని అంటిపెట్టుకుని సన్నటి మట్టి. దులిపినా రాలలేదు. గిరీశ్ కూడా వంగి చూసి, ఇంకో వరసలో తవ్వాడు. అక్కడా తెలుపు. ఇంకో చోట తీగ అప్పటికే చచ్చిపోయి ఉంది. తర్వాతి వరసలో మళ్ళీ తెలుపు.

“ఇంగ ఆ గేటు పక్క వరస చూద్దాం,” అన్నాడు గిరీశ్.

“అది వద్దురా,” అన్నాడు మారప్ప.

ఆ గొంతు విని అందరూ ఆయనవైపు తిరిగారు. గిరీశ్ అప్పటికే పార దించాడు. తడిసిన బీడీలు. ఒక్క తెల్ల పోగు లేదు. రెండో తీగ, మూడో తీగ, వరస పొడవునా అంతే.

చంద్రిక ముఖం మాడిపోయింది. “దీనికి కూడా పోసినాం కదా? ఇదొక్కటే ఎందుకిట్ల?”

మారప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. ఎదుటివాడి జేబులోంచి తీయడం ఆ చేతులకు తెలుసు. తన జేబులో దాచింది తానే తీసి చూపించడం మాత్రం తెలియదు.

“దీనికి వట్టి బెల్లం నీళ్ళు పోసినానమ్మా,” అన్నాడు చివరికి. “తేడా చూద్దామని.”

అక్కయమ్మ ఆ వరసలో ఒక తీగను పట్టుకుంది. అన్న తోటనుంచి తెచ్చిన కొమ్మల్లో మొదట నాటిన వరస అదే. ఆమె ఎండిన ఆకు ఒకటి తుంచి కొంగున ముడి వేసుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేదని మారప్పకు అనిపించింది.

చెన్నరాయప్ప మాత్రం దగ్గరికొచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి, మారప్పను భుజాల నుంచి నడుం దాకా మెల్లగా తడిమాడు. “ఇంగేమన్నా దాచినారా సారూ?”

“లేదప్పా. అంతే.”

పన్నెండో వరసను జేసీబీ పీకేసింది. ఆ జాగాలో టమేటా పెట్టుకోమని మారప్ప తానే చెప్పాడు. మిగతా పదకొండు వరసలూ నిలిచాయి. గిరీశ్ బండిని వెనక్కి పంపేశాడు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, తవ్విన గుంతలు మారప్ప ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చాడు. నాలుగో వరస గుంత దగ్గర ఆగి, గేటు దాకా వెళ్ళి, పలక మీదనుంచి చెన్నరాయప్ప వాడిన ఏడో నంబరు బిళ్ళ తీసుకొచ్చాడు. తెల్ల వేర్ల పక్కన ఆ బిళ్ళ పెట్టి, మట్టిని గట్టిగా తొక్కకుండా, గాలి ఆడేటట్టు పైపైన కప్పాడు.

అక్కయమ్మ గేటు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది. పలక చూసింది. పదకొండు బిళ్ళలు, ఒక ఖాళీ కొక్కెం.

“ఏడో నంబరు యాడ? ఎవురన్నా లోపల ఉండారా?”

“ఉండారు,” అన్నాడు మారప్ప. “చానా మంది.”

ఆమె ఆయన ముఖంలోకి చూసి, తాళంచెవి ఇచ్చింది. ఖాళీ కొక్కెం వైపు ఇంకోసారి చూసి, ఆయన గేటు మూసి తాళం వేశాడు. నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకున్నాడు.

“అందరూ పనిచేస్తా ఉండారో, లేకుంటే కొందరు సుమ్నే కూర్చుని చక్కెర తింటా ఉండారో, అదే తెలియదు,” అన్నాడు ఇంటిదారి పట్టాక.